ప్రార్థన నూనె, దూది పుల్ల

మా ప్రాంతంలో ఆ రోజుల్లో మనుషులకంటే ముందు చెవులు లేచేవి. ప్రొద్దుటూరు బజారులో ఎవరైనా షట్టరు గట్టిగా లాగితే చాలు, బేరమాడుతున్న ఆడవాళ్ళు చీర అంచు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలిచిపోయేవారు. లారీ టైరు పేలితే హోటల్లో కూర్చున్నవాళ్ళు తలుపు వైపు చూసేవారు కాదు, గోడ వైపు చూసేవారు. దాపు ఎంతుందో కళ్ళతో కొలుచుకునేవారు. అది బాంబు కాదని తేలాక కాఫీ గ్లాసు మళ్ళీ అందుకునేవారు, ఏమీ జరగనట్టు. పిల్లలకు ధ్వని పాఠం చెబుతూ గాలిలో శబ్దం వేగం బోర్డు మీద రాసేటప్పుడు, ఈ ఊళ్ళలో భయం దానికంటే వేగంగా పోతుందని నాలో నేను అనుకునేదాన్ని.

నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. సెలవు రోజుల సాయంత్రాలు ఒక బట్టల కొట్టు మేడమీది గదిలో పదిమందిమి చేరి, దేవుడి గురించీ కులం గురించీ ఆడవాళ్ళ చదువు గురించీ గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్ళం. ఎదుటివాళ్ళ మాటలో బొక్క ఎక్కడుందో పట్టుకోవడం, పట్టుకున్నాక వదలకపోవడం అక్కడే నేర్చుకున్నాను. నాకున్న రెండో విద్య మైకుసెట్లు విప్పడం. బడి మైకు నెలకోసారి మూగపోయేది. బాగుచేసేవాడి కోసం ఎదురుచూసి విసిగి నేనే స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. ఈ రెండు విద్యలూ ఒకటేనని చాలాకాలం నమ్మాను. మూత తీయి, మురికి చూపించు, తుడిచెయ్యి. అంతే కదా!

అంతే కాదని నాకు తెలియజెప్పింది జమ్మలమడుగులో ఉండే ఒక నర్సమ్మ.

ఆమె పాత మిషన్ ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్ళకు పైగా పనిచేసి రిటైరైంది. మా అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు పరిచయం. నేను దేవుడు లేడంటానని ఆమెకు తెలుసు. తెలిసినా నన్ను చూస్తే ముఖం విప్పారేది. పెళ్ళి చేసుకోలేదు. పెన్నకు దగ్గరగా రెండు గదుల ఇల్లు, నల్లటి కడప బండ పరిచిన నేల. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పులివెందుల దారిలో ఉన్న తన సొంత ఊరికి పోయి, అక్కడి చర్చిలో కీబోర్డు వాయించి వచ్చేది. ఊళ్ళో దాన్ని ఎవరూ కీబోర్డు అనరు, పెట్టె అంటారు. హార్మోనియం ఉన్న రోజుల నుంచి అదే పేరు.

ఒక కార్డు ముక్క రాసింది, వీలు చూసుకుని రమ్మని. వెళ్ళేసరికి పెట్టె ఆమె మంచం మీద ఉంది. ఆస్పత్రి తెల్లదుప్పటి గడ్డందాకా కప్పి, రోగిని పడుకోబెట్టినట్టు.

"ఏమ్మే, వస్తివా! దీనికి ఏం రోగమో సూడు. నాకు మనుషుల రోగాలే తెల్సు" అంది.

"ఏమైందక్కా?"

"ఏమైంది అంటే, బాంబైంది."

జరిగింది ఇది. ఆ ఊళ్ళో రెండు వర్గాలు. ఒక్కో వర్గానికి ఒక్కో నాయకుడు, ఆ నాయకుడు ఏ పార్టీలో ఉంటే సగం ఊరిది ఆ జెండా. ఆయన పార్టీ మారితే రాత్రికి రాత్రి సగం ఊరి రంగు మారేది. క్రైస్తవుల పేటలో ఉన్నవాళ్ళంతా ఆ రెండు వర్గాల పొలాల్లో పనిచేసేవాళ్ళే. కాబట్టి చర్చి కూడా ఎడమ పక్క, కుడి పక్క అయిపోయింది. అయినా క్రిస్మస్‌కు అందరూ ఒక కప్పు కిందే కూర్చునేవారు. పోయిన క్రిస్మస్‌కు ఆమె ఒక పాట ముగించి, ఆర్గన్ స్వరం నుంచి పియానో స్వరానికి మార్చే స్విచ్చిని పక్కకు జరిపింది. మామూలుగా చేసే పనే. గోడలకు కట్టిన రెండు స్పీకర్లలోంచి ఒక్కసారిగా "ఢాం" అని వచ్చింది.

"నేను తలెత్తేతలికి మగోళ్ళు ఒక్కరు లేరు. కిటికీల్లోంచి దూకినారు. ఒక ముసిలామె పడి చెయ్యి విరగ్గొట్టుకునింది. బయట రాళ్ళు మొదలైనాయి. చచ్చింది ఎవరూ లేరులే, అదే పదివేలు. ఆ పొద్దు నుంచి ఆరాధన రెండు ముక్కలు. పొద్దున ఒక పక్కోళ్ళు, మద్యాన్నం ఇంకో పక్కోళ్ళు."

ఇప్పుడు పంటల పండుగ వస్తోంది. మొదటి పంట తెచ్చి చర్చిలో పెట్టి పాడే రోజు. మూడు వారాలుంది. రెండు పక్కల పెద్దలూ ఆ రోజుకు కలిసి కూర్చోవడానికి ఒప్పుకున్నారు, పెట్టె మాత్రం వద్దన్నారు.

"వద్దంటే మానెయ్యి. చప్పట్లు కొట్టి పాడుకుంటారు" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నీకు పాటంటే ఏం తెల్సు మ్మే! పెట్టె లేకుంటే ఆ పక్కోళ్ళు పల్లవి అయిపోగొట్టి కూసుంటారు, ఈ పక్కోళ్ళు ఇంకా రెండో మాట మీద ఉంటారు. అప్పట్నుంచి యేరేగా పాడుకుంటాండారు గదా, ఎవురి నడక వాళ్ళది. మీరు కావాలనే ఉరుకుతాండారని వీళ్ళు, మీరు కావాలనే ఈడుస్తాండారని వాళ్ళు. పాట కాడ గూడా రాళ్ళే. ఇద్దర్నీ పట్టి ఒక నడకలో పెట్టేది ఇది. నా యేళ్ళు గాదు, ఇది."

చివరికి ఆమె పెద్దల దగ్గర ఒక మాట తీసుకుంది. పండుగ రోజు, రెండు పక్కలవాళ్ళూ కూర్చున్నాక, అందరి ఎదుటా ఆ స్విచ్చి జరిపి చూపాలి. ముందే పరీక్షిస్తే ఎవరు చూశారు, ఎవరు చూడలేదని ఇంకో పంచాయితీ అవుతుంది. చప్పుడు రాకపోతే వాయించవచ్చు. వస్తే పెట్టె బయటికి, ఆమె కూడా మళ్ళీ ఆ పీట మీద కూర్చోకూడదు. నలభై ఏళ్ళు కూర్చున్న పీట అది.

ఆ మధ్యాహ్నం బండనేల మీద గోనెసంచి పరిచి, దాని మీద పాత దుప్పటి వేసి పెట్టెను బోర్లించాను. బయట ఎండలో పెన్న ఇసుక తెల్లగా మెరుస్తూ, నీళ్ళున్నట్టు భ్రమ పెడుతోంది. ఊరంతా నిద్రపోతున్న వేళ. మొదట తీగను గోడలోంచి పీకేశాను, స్విచ్చి ఆపితే చాలదు. బ్యాటరీలు తీసేశాను. తర్వాత ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

"ఏంది, కూసుంటివి?"

"లోపల చిన్న చిన్న డబ్బాలుంటాయక్కా. కరెంటు దాచుకుంటాయి. తీగ పీకిన వెంటనే ఖాళీ కావు. కాసేపు ఆగాలి."

"మనుషుల మాదిరేలే" అంది ఆమె. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

అరగంట అలా గడిచింది. ఆ అరగంట ఇప్పటికీ నాకు కలలో చూసినట్టే గుర్తుంది. కిటికీలోంచి వచ్చే వేడిగాలి దుప్పటి అంచును కొంచెం లేపేది, వదిలేసేది. ఆమె నిద్రలోనే ఏదో పాట ముక్కుతో తీస్తోంది. నా చేతిలో స్క్రూడ్రైవరు చల్లగా ఉంది. ఎన్నికలు దగ్గరపడి ప్రచారం జీపు ఒకటి ఎక్కడో దూరంగా అరుచుకుంటూ పోయింది. మాటలు తెలియలేదు, అరుపు మాత్రం వినిపించింది.

కిటికీ ఇనుప ఊచను ఒకసారి పట్టుకుని వదిలాను. ఒంట్లో ఉండే మెరుపు చిటుక్కుమని లోపలి చిప్పుల్లోకి పోకుండా. ఆమె ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న పాత ట్రేలో స్క్రూలు తీసినవి తీసినట్టు వరసగా పెట్టాను, ఏ తీగ ఎక్కడిదో కాగితం మీద గీసుకున్నాను. అడుగుమూత లేచింది.

ముందు వచ్చింది వాసన. పాతబడిన నూనె వాసన.

స్విచ్చి అంటే లోపల ఏమీ లేదు. రెండు మూడు రేకు ముక్కలు, వాటి మీద జారే ఇంకో రేకు. రేకూ రేకూ శుభ్రంగా తాకితే స్వరం మారుతుంది. మధ్యలో మురికి ఉంటే ఒక క్షణం తాకి, ఒక క్షణం వదిలి, మళ్ళీ ఒక్కసారిగా తాకుతుంది. ఆ ఎగుడుదిగుడే యాంప్లిఫయరులో పడి వందరెట్లు పెరిగి ఢాం అంటుంది. ఇక్కడ రేకులే కనిపించలేదు. నూనె, దుమ్ము, దూగర కలిసి నల్లటి జిగురు. వాల్యూం మీట కిందా అదే. స్వరాల మీటల కింద రబ్బరు పట్టీలుంటాయి, ఒక్కో రబ్బరు బొడిపెకు అడుగున నల్లటి చుక్క. ఆ చుక్కల మీదికీ నూనె జారింది.

"ఇందులో నూనె ఎక్కడిదక్కా?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. పెట్టె కొన్న రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆలివ్ నూనెలో వేలు ముంచి ఒక్కో స్విచ్చికీ అద్దారు. ప్రతిష్ఠ జరిగిన రోజు గుర్తుగా ఏటా అద్దుతూనే ఉన్నారు. పోయిన క్రిస్మస్ నాడు, ఆ చప్పుడు అయ్యాక, సీసాలో ఉన్నదంతా దాని మీద పోశారు.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. ఇంత చక్కటి ఉదాహరణ నాకెప్పుడూ దొరకలేదు. భక్తి పేరుతో వేలు వేలుగా అద్దిన నూనె గడ్డకట్టి, ఒక ఊరిని రెండుగా చీల్చిన బాంబు అయింది! మేడమీది గదిలో ఇది చెబితే ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకున్నాను.

మేడమీది గదిదాకా ఆగలేదు. ఆ తర్వాతి ఆదివారం యాంప్లిఫయరు చూడాలని ఆమెతో ఆ ఊరికి పోయాను. పొద్దుటి ఆరాధన ముగిసి ఒక పక్కవాళ్ళు బయటికి వస్తున్నారు, మధ్యాహ్నం పక్కవాళ్ళు అప్పుడే చేరుతున్నారు. పాస్టరుగారు మెట్ల మీద ఉన్నారు. పులివెందుల నుంచి వారం వారం వచ్చే మనిషి, సన్నగా, నెరిసిన గడ్డంతో. ఎవరో అడిగారు, "ఏం టీచరమ్మా, దయ్యం దొరికిందా?" అని.

దొరికిందన్నాను. ఆ దయ్యం పేరు నూనె అన్నాను. మెట్ల కింద నిలబడి, బడిలో పాఠం చెప్పినట్టు, రేకులేమిటో జిగురేమిటో, దాన్ని దూదితో ఎలా తుడవాలో అంతా చెప్పాను. ఎవరు పోశారో, ఎన్నేళ్ళుగా అద్దారో కూడా చెప్పాను. దేవుడి పేరుతో చేసినంత మాత్రాన రేకుకు జాలి ఉండదని కూడా అన్నాను. జనం గప్‌చుప్‌గా విన్నారు. పాస్టరుగారు లోపలికి పోయారు. నేను గెలిచాననుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా నర్సమ్మ ప్రొద్దుటూరు వచ్చి మా బడి గేటు దగ్గర నిలబడింది. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది.

"సల్లగా ఉండాదా నీకు?" అంది. "ఇప్పుడు ఊర్లో రెండు కొత్త పార్టీలు. దూది పార్టీ ఒకటి, నూనె పార్టీ ఒకటి."

"అదేందక్కా!"

"పాస్టరయ్య తల్లిగారిది కుడిపక్క ఇల్లు. నీకు తెలీదు, నువ్వు అడగలే. ఎడమపక్కోళ్ళు సంబరపడి, మీ అయ్యగారి నూనే గదా మమ్మల్ని కిటికీల్లోంచి దూకిచ్చింది అంటాండారు. కుడిపక్కోళ్ళు మా నూనెలో తప్పు లేదు, దాన్ని తుడిసినోళ్ళ చేతులు ఇరగ్గొడ్తాం అంటాండారు. తుడిసిన పెట్టె లోపలికొస్తే వాళ్ళు పండగకే రారంట. తుడవకుండా తెస్తే మళ్ళా అది పేల్తాది. సెప్పు మ్మే, యాడికి తీస్కపోవాల దాన్ని?"

నేను నిజమే చెప్పానన్నాను.

"నిజమేలే. నిజం కాదని ఎవురన్నారు? నీ వాదం గెలిసింది. నా పెట్టె పోయింది."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మేడమీది గదికి నేను పోలేదు. ఈ ఊళ్ళలో ఏ నిజమైనా నేల మీద పడకముందే ఏదో ఒక పక్క ఎత్తుకుపోతుందని నాకు అంతకుముందు తెలియదా? ప్రచారాలు చూశాను, పంచాయితీలు చూశాను. తెలుసు. తెలిసీ మెట్ల కింద నిలబడి అరిచాను. ఎందుకంటే వినేవాళ్ళున్నారు.

శనివారం మధ్యాహ్నం ఆమె ఇంటికి మళ్ళీ పోయాను, రమ్మనకపోయినా. తలుపు తీసి ఉంది. లోపల పాస్టరుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పులివెందుల బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారట, ఆమె పిలిపించిందట. వెనక్కి తిరగబోయాను.

"రా, రా. పారిపోతాండావా? ఇద్దురూ నాకు కావాల్సినోళ్ళే" అంది నర్సమ్మ.

ఆయన లేచి "వందనాలు టీచరమ్మా" అన్నారు. నేను నమస్కారం పెట్టాను. ముగ్గురం మజ్జిగ తాగాం.

"నేను నూనె ఎందుకు పోస్తినో మీరు అడగలేదు" అన్నారాయన.

"అడిగేదేముందండీ? దయ్యం వదలాలని."

ఆయన నవ్వారు. "దయ్యాలు మాకు తెలీవా టీచరమ్మా? దినామూ జీపుల్లో తిరుగుతాండాయి గదా." నవ్వు ఆపి, చేతులు చూసుకుంటూ చెప్పారు. "ఆ పొద్దు జనమంతా బయటికి ఉరికినాంక నలుగురు మళ్ళా లోపలికొచ్చిరి. ఒకడి చేతిలో గడ్డపార. ఇది అవతలోళ్ళు పెట్టించిన పెట్టె, దీంట్లో ఏందో ఉండాది, పగలగొడ్తాం అని. ఈయమ్మ పెట్టె మీద బోర్లా పండుకునింది. వాడు గడ్డపార ఎత్తినాడు. నా చేతిలో ఏముండాది? నూనె సీసా. ఈయమ్మను పక్కకు లాగి, పెట్టె మీద అంతా కుమ్మరిచ్చేసినా. ప్రార్థన నూనె పడినదాని మీద వాళ్ళు చెయ్యి ఎయ్యరు. ఎయ్యలేదు. పోయినారు."

నేను నర్సమ్మ వైపు తిరిగాను. "ఇది నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగింది నూనె యాడిది అని. ఎందుకు అని యాడ అడిగితివి?"

నూనెలో శక్తి లేదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ గడ్డపారను ఆపింది నూనె కాదు, నూనె అంటే వాళ్ళకున్న భయం. అటువంటి భయాల మీద బతికే పెత్తనాల గురించి నేను కాగితాలకు కాగితాలు రాశాను, ఇంకా రాస్తాను. కానీ ఆ గదిలో, ఆ మధ్యాహ్నం, నాకు ఒకటి తట్టింది. ఆ నలుగురి ముందు నేను ఉండి ఉంటే నా దగ్గర ఏముండేది? రేకుల గురించి చెప్పేదాన్నా? గడ్డపార దిగేలోగా ఎన్ని వాక్యాలు పూర్తయ్యేవి?

"మెట్ల దగ్గర నేను అట్లా మాట్లాడి ఉండకూడదు. మిమ్మల్ని అడిగి ఉండాల్సింది" అన్నాను.

"నూనె పొయ్యడం తెల్సు గానీ తియ్యడం తెలీదు నాకు" అన్నారాయన, నా క్షమాపణ విననట్టు. "ఇప్పుడు దాన్ని ఎవురు తుడిసినా ఒక పక్కోళ్ళు తుడిసినట్టే."

నర్సమ్మ లేచి దూది తెచ్చింది. వెదురు పుల్ల తీసుకుని, రెండు వేళ్ళతో దూదిని దాని చుట్టూ ఒక్క తిప్పు తిప్పింది. నేను ఎంత ప్రయత్నించినా అంత బిగువుగా, ఒక్క పోగు లేవకుండా చుట్టలేను. ఆ పుల్లను తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టింది.

"పోసినోళ్ళే తుడిస్తే ఎవురేమంటారు?" అంది.

ఆయన ఆ పుల్లను కొంతసేపు చూశారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని కింద, బండ మీద కూర్చున్నారు.

కిటికీలన్నీ తెరిచాను. వంటింట్లో పొయ్యి ఆర్పించాను, స్పిరిట్ ఆవిరికి నిప్పు సెగ తగలకూడదు. నర్సమ్మ దగ్గరున్న ఆస్పత్రి స్పిరిట్‌నూ మా బడి ప్రయోగశాల నుంచి తెచ్చిన స్పిరిట్‌నూ గాజుపలక మీద చెరొక చుక్క వేసి ఆరనిచ్చాను. ఆస్పత్రిది ఆరాక జిడ్డు మరక మిగిలింది. చర్మానికి మెత్తగా ఉండాలని అందులోనూ ఏదో నూనె కలుపుతారు. దాన్ని పక్కన పెట్టేశాం. రెండో చుక్క ఉన్న చోట ఏమీ లేదు, గాజు తప్ప.

ఆయన దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి రేకు మీద అటూ ఇటూ రుద్దబోయారు.

"అట్ల గాదయ్యగారూ" అంది నర్సమ్మ. "ఒక దిక్కుకే తుడవాల. పుండు తుడిసినట్ల. ముందుకీ ఎనక్కీ రుద్దితే కుళ్ళు మళ్ళా లోపలికే పోతాది. ఒక తూరి తుడిస్తే ఆ పుల్ల పారెయ్యాల."

నేను చెప్పాల్సినదంతా ఆమే చెప్పేసింది. నాకు మిగిలింది ఒక్కటే, ఉప్పుకాగితంతో గీకొద్దని. రేకు మీద పల్చటి పూత ఉంటుంది. అది పోతే ఈ రోజు మెరుస్తుంది, ఏడాదికి పాడవుతుంది. రబ్బరు చుక్కలను గట్టిగా తోమకూడదు, తడి దూదితో తాకి వదిలేయాలి.

ముగ్గురం పని పంచుకున్నాం. ఆమె పుల్లలు చుట్టేది, ఆయన తుడిచేవారు, నేను ఎండ పడే చోట పట్టుకుని భూతద్దంతో చూసేదాన్ని. నల్లబడిన పుల్లలు ఒక్కటొక్కటే ట్రేలో చేరాయి. వేళ్ళ మీద స్పిరిట్ చల్లగా ఎగిరిపోయేది, ఎగిరిపోయిన చోట ఒక క్షణం చెయ్యి మనది కానట్టుండేది. ఊడదీసిన స్వరాల మీటలు నల్లబండ మీద తెల్లగా వరసగా పరుచుకుని ఉన్నాయి. ఏ మీటకూ ఏ స్వరమూ లేదు. వాటి మధ్య గాలి నడుస్తోంది. నేను నమ్మని ప్రార్థన ఏదో ఆయన పెదవుల మీద కదులుతోంది. అది నాకు అడ్డం రాలేదు. ఆ రోజు ఆ గదిలో ఏదీ దేనికీ అడ్డం రాలేదు. సాయంత్రం ఎండ వాలి గోడ ఎక్కేదాకా అలాగే ఉన్నాం. జిగురు కింద నుంచి మొదటి రేకు పసుపుపచ్చగా బయటపడినప్పుడు ఆయన "అబ్బ" అన్నారు, చిన్నపిల్లాడిలా.

మర్నాటి వరకు ఆరనిచ్చి బిగించాను. ముందు చిన్న స్పీకరుకు కలిపి, వాల్యూం బాగా తగ్గించి స్విచ్చి జరిపాను. ఏమీ లేదు. కొంచెం పెంచి మళ్ళీ జరిపాను. యాభైసార్లు జరిపి ఉంటాను. ఒక మీట మాత్రం మూగగా ఉండిపోయింది, నూనెకు దాని రబ్బరు ఉబ్బిపోయింది. నర్సమ్మ "దాన్ని తప్పిచ్చుకొని పోతాలే" అంది.

పండుగ రోజు పొద్దున చర్చి వాకిట్లో ఇద్దరు నాయకుల జీపులూ నిలబడి ఉన్నాయి, రెండు జెండాలతో, ఒకదానికొకటి ఎదురుగా. ఎన్నికల ముందు ఎవరూ ఎవరికీ తీసిపోకూడదు కదా! లోపల ఎడమ పక్క నిండింది. కుడి పక్క ఖాళీ. మొదటి గంట కొట్టారు. కుడిపక్కవాళ్ళు బయట చెట్టు కింద నిలబడి లోపలికి చూస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా పాస్టరుగారు రోడ్డు మీంచి నడిచి వచ్చారు, పెట్టెను తానే భుజాన మోసుకుని. మెట్ల దగ్గర ఆగారు. నేను అరిచిన మెట్లే.

"నూనె నేనే పోసినా. నేనే తుడిసినా" అన్నారు, అందరికీ వినబడేలా. "ఏటేటా అద్దింది గూడా నేనే. అది తప్పని నాకు తెలీదు. టీచరమ్మ సెప్పింది నిజమే. ఇంగ దీంట్లో మీ పక్కా లేదు, వాళ్ళ పక్కా లేదు. రండి."

మోయలేక ఆయన మెడనరాలు బిగిశాయి. కుడిపక్క నుంచి ఒక ముసలాయన ముందుకు వచ్చి పెట్టెకు ఇంకో కొస పట్టుకున్నాడు. "పడేస్తావు సామీ, ఇట్ల ఇయ్యి" అన్నాడు. అతని వెనక మిగతావాళ్ళు లోపలికి వచ్చారు.

నేను చివరి వరసలో, ఏ పక్కా కాకుండా తలుపు దగ్గర నిలబడ్డాను. నోరు మూసుకుని ఉండాలని ముందే నిశ్చయించుకున్నాను. నర్సమ్మ తెల్లచీరలో పీట మీద కూర్చుంది. తీగ కలిపింది. యాంప్లిఫయరు వెలిగింది. కిటికీల పక్కన ఉన్న మగవాళ్ళంతా నిలబడే ఉన్నారు, ఒక చెయ్యి కిటికీ చట్రం మీద వేసి. గింజలు పోసిన గంపల మీద ఈగలు వాలిన చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. ఆమె స్విచ్చి మీద వేలు పెట్టింది. కళ్ళు మూసుకుంది. జరిపింది.

ఏమీ లేదు.

ఎవరూ కదల్లేదు. పిమ్మట ఎడమపక్క నుంచి ఒకామె "ఇంకోతూరి జరుపు మ్మా, సరిగ్గా ఇనలేదు" అంది. నర్సమ్మ మళ్ళీ జరిపింది. ఏమీ లేదు.

"అదేంది, వాళ్ళకు రెండు తూర్లా?" అన్నాడు కుడిపక్క నుంచి పెట్టె మోసిన ముసలాయన. "ఒకటి మనందరిది, ఇంగొగటి వాళ్ళు అడిగినందుకు. మరి మా తూరి యాడ?"

"నీకూ ఇస్తా లేప్పా" అని నర్సమ్మ అతని వైపు తిరిగి, చేతిని బాగా పైకెత్తి, అందరికీ కనబడేలా మూడోసారి జరిపింది. మూడోసారి కూడా ఏమీ రాకపోవడం చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఏ పక్క నుంచి మొదలైందో నాకు తెలియదు. కిటికీల దగ్గర మగవాళ్ళు చట్రాల మీంచి చేతులు తీసి కూర్చున్నారు.

ఆమె వాయించడం మొదలుపెట్టింది. అనుకున్నట్టే కుడిపక్కవాళ్ళు పల్లవిలో ముందుకు ఉరికారు, ఎడమపక్కవాళ్ళు వెనక ఈడ్చారు. పాట నడిమధ్యలో చీలబోయింది. ఆమె ఆగలేదు, తొందరపడలేదు. ఒక స్వరం మీద వేళ్ళు నొక్కి పట్టి అలాగే ఉంచింది. ముందు పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూసేదాకా, వెనకబడ్డవాళ్ళు వచ్చి అందుకునేదాకా.